స్టార్ల చార్టు ఆపితే ఇంటిపని ఆగిపోతోంది. 8వ తరగతి లెక్కల్లో ఇష్టం పుట్టించడం ఎలా?

కోనసీమ_లెక్కలు (ప్రశ్న)

నమస్కారమండి. అమలాపురం వైపు జిల్లా పరిషత్ హైస్కూలు, 8వ తరగతి, 36 మంది, లెక్కలు. జూన్ నుంచి గోడ మీద స్టార్ల చార్టు నడుస్తోంది. ఇంటిపని పూర్తిచేస్తే ఒక స్టారు, పది స్టార్లకు ఒక పెన్ను, నెలలో అందరికంటే ఎక్కువ వచ్చినవాళ్లకు జామెట్రీ బాక్సు. మొదటి నెలన్నర పుస్తకాలు నిండుగా వచ్చాయి. ఇప్పుడున్న పరిస్థితి ఇది:

బోర్డు మీద కొత్త లెక్క వేయగానే "దీనికి స్టారుందాండీ?" అన్న మాటే ముందొస్తోంది. చార్టులో పైనున్న ఆరేడుగురే పోటీ పడుతున్నారు, కిందున్నవాళ్లు అటువైపు చూడ్డమే మానేశారు. పన్నెండు పుస్తకాల్లో ఒకే లెక్కకు ఒకే తప్పు, అదే మెట్టు దగ్గర. ఒక వారం స్టార్లు ఆపితే ఇంటిపని సగానికి సగం పడిపోయింది.

అంతర్గత ప్రేరణ (పని మీది ఇష్టంతోనే చేయడం) నిలుస్తుంది, బాహ్య ప్రేరణ (బహుమతి కోసమో భయంతోనో చేయడం) నిలవదు అని బీఈడీలో అందరం చదివిందే. అది తెలిసినంత మాత్రాన సోమవారం పొద్దున తరగతిలో ఏం చేయాలో తెలియదు కదండీ. చార్టు తీసేయాలా? తీస్తే ఏ పద్ధతిలో తీయాలి? లెక్కలంటే అసలు ఇష్టమే లేని పిల్లాడికి రోజువారీ పాఠంలోనే ఏం చేయొచ్చు? సిలబస్ పక్కనపెట్టి చేసే పనులు వద్దండి, ఫార్మేటివ్ పరీక్ష దగ్గర్లో ఉంది.

గట్టుమీది_బడి

మాస్టారూ, మీ చార్టు చెడిపోలేదండి. దేనికి పెట్టారో ఆ పని చేస్తూనే ఉంది. స్టారు ఇచ్చింది పుస్తకం నిండినందుకు, పిల్లలు పుస్తకం నింపుతున్నారు. లెక్క అర్థమైందా లేదా అన్నది ఆ బేరంలో ఎక్కడా లేదు.

బీఈడీ పుస్తకం ఒక్క వాక్యంలో తేల్చేసిన విషయం వెనక ప్రయోగాలున్నాయి, ఆ ప్రయోగాల్లో షరతులున్నాయి. మనకు కావలసినవి ఆ షరతులే. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన నర్సరీ బడిలో స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేసే పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి "బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి ముందు ఏమీ చెప్పకుండా, వేశాక అదే సర్టిఫికెట్ ఇచ్చారు. మిగిలినవాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆటల సమయంలో పెన్నులు అక్కడ పెట్టి, ఎవరు ఎంతసేపు వాటితో గడుపుతారో చూశారు. ఏమీ ఇవ్వనివాళ్లు తమ సమయంలో 16.7 శాతం, చెప్పకుండా ఇచ్చినవాళ్లు 18.1 శాతం బొమ్మలు వేశారు. ముందే చెప్పి ఇచ్చినవాళ్లు 8.6 శాతం దగ్గరే ఆగారు.

ఇందులో రెండు సంగతులు గట్టిగా పట్టుకోవాలి. చేటు చేసింది ముందే ఒప్పందంలా చెప్పిన బహుమతి. అదే సర్టిఫికెట్ చెప్పకుండా ఇస్తే చేటు కనబడలేదు. రెండోది చాలామంది వదిలేస్తారు: ఆ పిల్లలను మొదటే బొమ్మలంటే ఇష్టం ఉన్నవాళ్లను చూసి ఎంచుకున్నారు. ఇష్టం ఉన్నచోట బహుమతి దాన్ని తినేసింది. ఎక్కాల మీద ఏ ఇష్టమూ లేని పిల్లాడి దగ్గర తినేయడానికి ఏముంది? కాబట్టి "బహుమతులన్నీ చెడ్డవి" అన్నది ఈ ప్రయోగం చెప్పిన మాట కాదు.

దానికి రెండేళ్ల ముందు, 1971లో, ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులకు సోమా అనే చెక్క ముక్కల పజిల్ ఇచ్చి, విప్పిన ప్రతిదానికీ ఒక డాలరు ఇచ్చాడు. తర్వాతి విడతలో డబ్బు ఆపి, మధ్యలో ఎనిమిది నిమిషాలు వాళ్లను ఊరికే వదిలేశాడు. ఆ ఖాళీలో పజిల్‌తో గడిపే సమయం తగ్గింది. డబ్బుకు బదులు మెచ్చుకోలు అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. తర్వాత డెసీ, కోస్ట్‌నర్, రయన్ కలిసి 1999లో ఇలాంటి 128 ప్రయోగాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. చేతికందే వస్తువును ముందే చెప్పి ఆశపెడితే ఇష్టం తగ్గుతోంది, ఆ నష్టం కాలేజీవాళ్ల కంటే చిన్నపిల్లల్లో ఎక్కువ.

ఇప్పుడు మీ నాలుగు లక్షణాల దగ్గరికి వద్దాం. "స్టారుందాండీ" అన్న ప్రశ్న ముందే కుదిరిన ఒప్పందం వల్ల వచ్చింది. కిందివాళ్లు చూడ్డం మానేయడానికి కారణం జామెట్రీ బాక్సు. 36 మందిలో ఒక్కరికే దక్కేదాని కోసం ఇరవయ్యో స్థానంలో ఉన్నవాడు పరుగెత్తడు, అది వాడి వైపు నుంచి సరైన లెక్కే. కాపీ రావడానికి కారణం స్టారును పూర్తిచేయడానికి ముడిపెట్టడం. ఆపగానే పడిపోవడం సహజం, దాన్ని చూసి కంగారుపడి మళ్లీ మొదలుపెట్టకండి. అలా చేస్తే మానేసి కూర్చుంటే స్టార్లు తిరిగొస్తాయని నేర్పినట్టవుతుంది.

ముందు జామెట్రీ బాక్సు తీసేయండి. మిగతాది నెమ్మదిగా.

పిల్లకాలువ

తీయడం ఎలా అన్నదానికి నేను రాస్తానండి. కాలువ కట్టేసినట్టు ఒక్కరోజులో కట్టేయకూడదు. ఎనిమిది వారాలు పెట్టుకోండి.

మొదటి వారం. ఇప్పటిదాకా పది స్టార్లు నిండినవాళ్లకు పెన్నులు ఇచ్చేయండి. ఏడెనిమిది దగ్గర ఉన్నవాళ్లకు కూడా ఇచ్చేయండి. మహా అయితే పదీ పదిహేను పెన్నుల ఖర్చు. బాకీ ఉంచి పద్ధతి మార్చితే పిల్లలు దాన్ని మాట తప్పడంగా చూస్తారు, తర్వాత మీరేం చెప్పినా చెవికెక్కదు. అదే వారం కొలత కూడా తీసుకోవాలి. శనివారం చివరి పిరియడ్‌లో ఆఖరి ఎనిమిది నిమిషాలు ఒక బల్ల మీద లెక్కల పజిల్ కార్డులు, ఒక బల్ల మీద కథల పుస్తకాలు, ఒక బల్ల మీద తెల్లకాగితాలు పెట్టి "మీ ఇష్టం" అని ఊరుకోండి. రెండు నిమిషాలకొకసారి లెక్కల బల్ల దగ్గర ఎంతమంది ఉన్నారో రాసుకోండి. నాలుగు అంకెలొస్తాయి, సగటు కట్టండి. డెసీ కొలిచిన పద్ధతే ఇది. ఎనిమిదో వారంలో మళ్లీ కొలుస్తారు. ఆ సమయంలో మీరు ఆ బల్ల దగ్గర నిలబడకూడదు, నిలబడితే మీకోసం వస్తారు.

రెండు, మూడు వారాలు. ఇంటిపనిని రెండు రకాలుగా విడదీయండి. ఎక్కాలు, 1 నుంచి 25 వరకు వర్గాలు, 1 నుంచి 10 వరకు ఘనాలు, వీటిలో ఆలోచన తక్కువ, అలవాటు ఎక్కువ. స్టారు వీటికే ఉంచండి. ఆలోచించే లెక్కలకు స్టారు పూర్తిగా తీసేయండి. చార్టును గోడ మీంచి దించి ఎవరి పుస్తకం ఆఖరి పేజీలో వాళ్లకు పెట్టండి. రోజూ పిరియడ్ మొదట్లో రెండు నిమిషాలు, ఇరవై ప్రశ్నలు. ఎన్ని సరైనవో పిల్లలే దిద్దుకుని తేదీ పక్కన రాసుకోవాలి. పోలిక నిన్నటి తనతోనే. 9 నుంచి 12కి వచ్చినవాడు, 18 దగ్గరే ఉన్నవాడికంటే ఆ రోజు ఎక్కువ సంతోషపడాలి, అది ఈ పేజీలో కనబడుతుంది, గోడ మీద కనబడదు. దొంగ అంకెలు వేస్తారా అంటే మొదటి వారం కొందరు వేస్తారు. ఆ అంకెకు ఏ లాభమూ లేదని తెలిశాక మానేస్తారు. దీన్ని రిజిస్టర్లో ఎక్కించారో, అంతా చెడుతుంది.

నాలుగో వారం నుంచి ఎంపిక. ఇంటిపనికి ఎనిమిది లెక్కలివ్వండి: మూడు సులువైనవి, మూడు మధ్యరకం, రెండు గట్టివి. ఏవైనా ఐదు చేయాలి, గట్టివాటిలో ఒకటి మాత్రం ప్రయత్నించాలి, తప్పైనా ఫర్వాలేదు. దీంతో కాపీ దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే పక్కవాడు ఎంచుకున్న ఐదూ వీడి ఐదూ ఒకటి కావు. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. ఎంపిక అంటే "చేస్తే చేయండి, లేకపోతే మానేయండి" అనుకుంటారు. అది వదిలేయడం. పని ఖాయం, అందులో దారి పిల్లలది. ఇంకో పొరపాటు, లెక్కలన్నీ కష్టంగా ఉండడం. మామూలు పిల్లవాడు పదింటిలో ఏడెనిమిది తనంతట తాను చేయగలిగేలా ఉండాలి. నాలుగు దగ్గర ఆగిపోతే వాడికి అందేది "నాకు రాదు" అన్న సమాచారం ఒక్కటే.

ఆరో వారానికి ఎక్కాల స్టారు కూడా వారానికొకసారికి, అదీ ముందు చెప్పకుండా. ఎనిమిదో వారానికి ఆఖరి పేజీలో అంకెలు మాత్రమే మిగులుతాయి.

మధ్యలో ఎవరైనా "స్టార్లు ఎందుకు తీసేశారండి" అని అడిగితే దాటేయకండి. "స్టారు పుస్తకం నిండిందో లేదో చెబుతుంది, నీకు వచ్చిందో లేదో చెప్పదు. ఈ పేజీ చెబుతుంది" అని కారణం చెప్పండి. కారణం చెప్పిన మార్పును 13 ఏళ్ల పిల్లలు ఒప్పుకుంటారు.

ఉప్పుటేరు

పైవాటిలో చాలావాటికి ఒప్పుకుంటాను గానీ, బయటి ప్రతిఫలాన్ని ఇంత త్వరగా పక్కకు నెట్టేయడం నాకు నచ్చలేదండి. ఇంట్లో పుస్తకం పట్టినవాళ్లే లేని పిల్లలకు, సాయంత్రం రొయ్యల చెరువు మీద పట్టుబడి (రొయ్యలు పట్టే పని) ఉంటే కూలికి వెళ్లే పిల్లలకు, లెక్కలోని ఆనందం అనుభవంలోకి రావాలంటే ముందు కొంతకాలం కూర్చోవాలి కదా. కూర్చోబెట్టేది ఏదో ఒకటి ఉండాలి. కాకపోతే దేనికి ఇస్తున్నామన్నది జాగ్రత్తగా చూసుకోవాలి.

అమెరికాలో రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త బడిపిల్లలకు డబ్బిచ్చి పెద్ద ఎత్తున పరీక్షించి 2011లో ఫలితాలు వేశాడు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు డబ్బిచ్చారు, షికాగోలో గ్రేడ్లకు ఇచ్చారు. పరీక్ష ఫలితాల్లో మెరుగుదల రాలేదు. డాలస్‌లో రెండో తరగతి పిల్లలకు ఒక పుస్తకం చదివి, దాని మీద చిన్న క్విజ్ దాటితే రెండు డాలర్లు ఇచ్చారు. అక్కడ కూడా అందరినీ కలిపి చూస్తే స్పష్టమైన తేడా రాలేదు గానీ, ఇంగ్లిషు మాట్లాడే పిల్లల్లో చదివి అర్థం చేసుకునే శక్తి పెరిగింది. తేడా ఎక్కడుంది? పుస్తకం చదవడం పిల్లాడి చేతిలో పని. మార్కు పిల్లాడి చేతిలో లేదు. డబ్బు కావాలనే ఉంది, మార్కు పెంచుకోవడానికి రేపు పొద్దున ఏం చేయాలో మాత్రం తెలియదు.

అంచేత "90 వస్తే బహుమతి" అనేది మానేసి, "తప్పొచ్చిన మూడు లెక్కలను మెట్లతో మళ్లీ చేసి, తప్పు ఎక్కడ జరిగిందో ఒక వాక్యంలో రాస్తే" అన్నదానికి ఇవ్వండి. ఆ వాక్యం కాపీ కొట్టడం కష్టం.

మన ప్రాంతానికి సంబంధించి ఒకటి గట్టిగా చెప్పాలి. వరుస హాజరుకు బహుమతి పెట్టకండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరదొస్తే లంకల (నదిలోని దిబ్బల మీది ఊళ్ల) పిల్లలకు కాజ్‌వేలు మునుగుతాయి, పడవ దొరికితేనే రాక. "నెలంతా మానకుండా వస్తే" అన్న బహుమతిలో కనకాయలంక వైపు పిల్లాడు మొదటి వరదకే ఓడిపోతాడు, వాడి తప్పేమీ లేకుండా. పిల్లాడి అదుపులో లేనిదానికి ముడిపెట్టిన బహుమతి వాడి చేత ప్రయత్నం మాన్పిస్తుంది. హాజరే కావాలంటే దారి ఉన్న రోజుల్లో ఎన్ని రోజులు వచ్చాడన్నది లెక్కపెట్టండి, తిరిగొచ్చిన రోజున పోయిన పాఠాల చీటీ చేతికివ్వండి. వరద తర్వాత తిరిగొచ్చిన పిల్లాడికి మొదటి గంటలో ఎదురయ్యేది అర్థం కాని పాఠమైతే, రెండో రోజు రావడానికి కారణం ఉండదు.

టెట్_2026

చిన్న సందేహమండి. "శభాష్" అనడం బాహ్య ప్రేరణ కిందికే వస్తుంది కదా? మరి అది ఎందుకు చెడు చేయలేదు?

గట్టుమీది_బడి

బిట్ పేపర్లో బాహ్య ప్రేరణ అనే పెట్టండి. తరగతిలో మాత్రం మాట ఏం చెబుతోందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. డెసీ, రయన్ దీన్నే రెండు ముఖాలుగా చెప్పారు: ఒకటి సమాచారం, ఒకటి అదుపు. "ఈ లెక్కలో హారాలు సమానం చేశాకే కూడావు, అందుకే సరిగ్గా వచ్చింది" అన్నది సమాచారం. "శభాష్, నేను చెప్పినట్టే చేశావు, ఇలాగే ఉండాలి" అన్నది అదుపు. రయన్ 1982లో ఈ తేడానే పరీక్షించాడు. "చాలా బాగుంది" తర్వాత "చేయవలసినట్టే చేశావు" అన్న ముక్క కలిపితే తర్వాత ఆ పని మీద ఇష్టం తగ్గింది. అభినందన కాలేజీవాళ్లలో ఇష్టాన్ని పెంచింది గానీ, చిన్నపిల్లల్లో వాళ్లంతట వాళ్లు ఆ పనికి తిరిగి రావడాన్ని స్పష్టంగా పెంచలేదని ఆ 1999 లెక్కల్లోనే ఉంది. అభినందన కూడా అతిగా పంచేది కాదు. పిరియడ్‌కి ముగ్గురు నలుగురికి, ఒక్కో వాక్యం, అందులో చేసిన పని పేరు ఉండాలి. "తెలివైనవాడివి" అన్న మాట వద్దు. అది విన్న పిల్లవాడు ఆ పేరు పోతుందేమోనని గట్టి లెక్క జోలికి పోడు.

కోనసీమ_లెక్కలు

అందరికీ ధన్యవాదాలండి. మూడో ప్రశ్న మిగిలింది, పాఠంలోనే ఇష్టం పుట్టించడం. అనులోమ, విలోమానుపాతాల పాఠం (ఒకటి పెరిగితే రెండోదీ అదే నిష్పత్తిలో పెరగడం, లేదా తగ్గడం) రాబోతోంది. అలాగే ఇంకోటి: తల్లిదండ్రులు ఇప్పటినుంచే "పదిలో 550 దాటితే ఐఫోను, బండి" అని మాటిచ్చేస్తున్నారు. మీటింగులో వాళ్లకు ఏం చెప్పాలి?

పిల్లకాలువ

విలోమానుపాతం మన డెల్టాలో దొరికినంత తేలిగ్గా ఇంకెక్కడా దొరకదండి. పుస్తకంలోని "ఇంతమంది కూలీలు గోడను ఇన్ని రోజుల్లో" లెక్కను వెనక్కి నెట్టి, రొయ్య కౌంటుతో మొదలుపెట్టండి.

కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది, పిల్లల్లో సగం మందికి తెలిసిన మాట. బోర్డు మీద రెండు గడుల పట్టిక గీయండి. ఎడమవైపు కౌంటు: 100, 50, 40, 25, 20. కుడివైపు ఒక రొయ్య బరువు గ్రాముల్లో. మొదటి రెండూ మీరు నింపండి, 10, 20. మిగతా మూడూ వాళ్లు: 25, 40, 50. సూత్రం చెప్పకండి. "ఈ రెండు గడుల్లో మారనిదేదైనా ఉందా?" అని అడిగి రెండు నిమిషాలు నోరు మెదపకుండా ఉండండి. ఈ మౌనమే కష్టమైన భాగం. ఇరవై సెకన్లకే మనం జవాబు చెప్పేస్తాం. ఎవరో ఒకరు అడ్డంగా గుణించి 1000 అంటారు. కిలోకి 1000 గ్రాములని అప్పుడు ఇంకొకరు అంటారు. విలోమానుపాతంలో లబ్ధం స్థిరం అన్న సూత్రం పిల్లల నోటి నుంచే వచ్చింది, దానికిక పేరు పెట్టడమే మీ పని.

తర్వాత 30 కౌంటు ఇవ్వండి. 33.3 వస్తుంది, నిశ్శేషంగా రాదు, అక్కడ తడబడతారు, తడబడనివ్వండి. ఆ తర్వాత అసలు ప్రశ్న: రొయ్య రోజుకు పావు గ్రాము పెరుగుతుందనుకుంటే 100 కౌంటు నుంచి 50కి ఎన్ని రోజులు, 50 నుంచి 40కి ఎన్ని రోజులు? మొదటిదానికి 40 రోజులు, రెండోదానికి 20. కౌంటు 50 తగ్గడానికి 40 రోజులు పడితే, 10 తగ్గడానికే 20 రోజులు ఎందుకు పట్టింది? దీని మీద తరగతి మొత్తం మాట్లాడుతుంది. గ్రాఫు కాగితం మీద ఆ బిందువులు పెట్టిస్తే గీత వంకర తిరుగుతుంది. అనులోమానుపాతంలో తిన్నగా వచ్చింది ఇక్కడ ఎందుకు వంగిందన్నది మరుసటి పిరియడ్‌కి మిగుల్చుకోండి. సమాధానం తెలియని ప్రశ్నతో గంట కొట్టాలి. ఇంటికెళ్లాక కూడా అది బుర్రలో తిరుగుతుంది, ఆ తిరగడానికి ఏ స్టారూ అక్కర్లేదు.

ఇందులో తప్పు జరిగేచోట్లు: కౌంటు సగమైతే బరువూ సగమవుతుందని పది మందైనా రాస్తారు. వాళ్లను దిద్దకుండా "మరి పెద్ద రొయ్యలు కిలోకి ఎక్కువ తూగుతాయా, తక్కువా?" అని వెనక్కి అడగండి. రెండోది మరింత జాగ్రత్తగా చూడాల్సింది. "మీకెన్ని ఎకరాల చెరువుంది" అని పిల్లల ఇళ్ల లెక్కలు అడగవద్దు. ఒకే బెంచీ మీద చెరువున్న ఇంటి పిల్లవాడు, ఆ చెరువులో కూలికెళ్లే ఇంటి పిల్లవాడు ఉంటారు. అంకెలు మీరే తేవాలి, అందరివీ ఒకే అంకెలు.

అనులోమానుపాతానికి ధాన్యం చాలు. మనవైపు బస్తా అంటే 75 కిలోలు, ధర చెప్పేది క్వింటాలుకి. క్వింటాలు ధర ఇస్తే బస్తా ధర ఎంత? ముప్పావు అని కొందరు నోటితోనే చెబుతారు. 3/4తో గుణించడం అదేనని చూపించండి. కొబ్బరికాయ బేరం వెయ్యి కాయలకు, సంతలో మనం కొనేది ఒక్క కాయ. భూమి సెంట్లలో, పుస్తకంలో చదరపు మీటర్లలో. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకి 48.4 చదరపు గజాలు, వీటిమీద ఒక పిరియడ్ నడుస్తుంది.

సిలబస్ ఆగుతుందన్న భయం వద్దండి. ఇదంతా సిలబస్సే. మొదలుపెట్టే లెక్క ఒక్కటే మారింది. పరీక్షకు కూలీల లెక్కలు కావాలి కాబట్టి మూడో పిరియడ్‌లో వాటినే ఇవ్వండి, అప్పటికి కొత్తగా ఉండవు.

తూము

తల్లిదండ్రుల సంగతి నేను రాస్తానండి. వాళ్లది ప్రేమే, ఆ మాట మొదట అనాలి. లేకపోతే మిగతాది వినరు.

డెసీ, రయన్ బాహ్య ప్రేరణను ఒకే ముద్దగా చూడలేదు, మెట్లుగా చూశారు. అన్నిటికంటే కింద ఫోను కోసం, దెబ్బల భయంతో చదవడం. దానిపైన "తక్కువొస్తే నలుగురిలో తలెత్తుకోలేం" అనే సిగ్గు. అదుపు చేసేవాడు ఇప్పుడు పిల్లాడి లోపలే కూర్చున్నాడు, పైకి శ్రద్ధలా కనబడుతుంది, లోపల నలుగుతుంటాడు. దానిపైన "పాలిటెక్నిక్‌లో చేరాలంటే నాకీ లెక్కలు కావాలి" అని తానే ఒప్పుకోవడం. ఆ పైన, చదువు తన స్వభావంలో భాగమైపోవడం. పిల్లలందరికీ లెక్కలు ఆటలా ఇష్టం కానక్కర్లేదు. మూడో మెట్టుకు వస్తే చాలు, చదువు నిలుస్తుంది. మీటింగులో మీరు అడగవలసింది ఫోను నుంచి ఇక్కడికి మార్చమనే. మన దగ్గర ఎక్కువమంది రెండో మెట్టు మీద ఇరుక్కుంటారు, దానికి కారణం ఇళ్లలో పక్కింటి పిల్లాడి మార్కుల ప్రస్తావన.

8వ తరగతికి చేతిలో ఉన్న మంచి ఉదాహరణ జాతీయ ఉపకార వేతన పరీక్ష. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు. అదీ డబ్బే కదా అంటారు. నిజమే, కానీ అది చదువు కొనసాగడానికే వచ్చే డబ్బు, లక్ష్యం చదువు వైపే చూస్తుంది. రెండు పేపర్లు, ఒక్కోటి 90 ప్రశ్నలు. మానసిక సామర్థ్య పేపరు పజిల్స్‌లాగే ఉంటుంది, మీ శనివారం బల్ల మీద ఆ ప్రశ్నలే పెట్టొచ్చు.

తల్లిదండ్రులకు మూడే మాటలు చెప్పండి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవద్దు, కొత్తవి ఇవ్వొద్దు. సాయంత్రం "ఎన్ని మార్కులు?" బదులు "ఈరోజు ఏ లెక్క దగ్గర ఆగావు?" అని అడగండి, జవాబు మీకు అర్థం కాకపోయినా వినండి. ఇంట్లో టీవీ లేని నలభై నిమిషాలు, ఒకే చోట, ఒకే వేళ. చదువురాని తల్లికి కూడా ఈ మూడూ సాధ్యమే. అది మీటింగులో పైకి చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లులు తమ వల్ల కాదనుకుని వెనక బెంచీలో కూర్చుంటారు.

కోనసీమ_లెక్కలు

ఆయ్, చాలా స్పష్టంగా ఉందండి. ఆఖరుగా ఒక్కటి. ఫార్మేటివ్ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించక తప్పదు. పేపర్ల మీద మార్కు వేసి, పక్కన నాలుగు మాటలు రాస్తే సరిపోతుందా?

గట్టుమీది_బడి

రెండూ కలిపి ఇవ్వకండి. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో 5, 6 తరగతుల పిల్లలతో ఇదే చూసింది. కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి మార్కు మాత్రమే, కొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందినవాళ్లలో ఆసక్తీ, తర్వాతి పనీ మెరుగ్గా నిలిచాయి. రెండూ ఇచ్చినచోట ఫలితం మార్కు ఒక్కటే ఇచ్చినవాళ్ల వైపే ఒరిగింది. మార్కు కనబడితే కళ్లు అక్కడే ఆగిపోతాయి.

క్రమం ఇలా పెట్టుకోండి. దిద్దేటప్పుడు మార్కు మీ పుస్తకంలో వేసుకోండి, పేపరు మీద వేయకండి. పేపరు మీద తప్పు జరిగిన మెట్టు పక్కన చిన్న చుక్క, కింద ఒక వాక్యం: "రెండో మెట్టులో గుణకారం బదులు భాగహారం చేశావు, కౌంటు పట్టిక చూసుకుని మళ్లీ చెయ్యి." 36 పేపర్లకు ముప్ఫై ఆరు వేర్వేరు వాక్యాలు అక్కర్లేదు. తప్పులు ఐదారు రకాలే ఉంటాయి, వాటికి అంకెలు వేసి వాక్యాలు బోర్డు మీద రాయండి, పేపరు మీద అంకె వేస్తే చాలు. దిద్దే సమయం గంటకు మించదు. పేపర్లిచ్చి పదిహేను నిమిషాలు సరిదిద్దుకోనివ్వండి, ఇద్దరిద్దరుగా. మార్కు మర్నాడు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పండి, తరగతిలో పైకి చదవకండి.

మొదటిసారి మార్కు లేకుండా పేపరిస్తే గోల చేస్తారు. "రేపు చెబుతాను" అని ఆ రేపటికి తప్పకుండా చెప్పండి. రెండో ఫార్మేటివ్‌కి అలవాటైపోతుంది.